అజ్ఞాత కుమ్మరి: ఆధునిక మృణ్మయ శిల్ప చరిత్రపై కొన్ని ఆలోచనలు

ఇటీవల మన నగరాల ప్రదర్శనశాలల్లో మట్టితో చేసి, కాల్చి, మెరుగు పూసిన శిల్పాలకు ప్రత్యేకస్థానం లభిస్తూ వున్నది. 2018లో జయపూర్‌లోని జవహర్ కళాకేంద్రంలో మొట్టమొదటి భారతీయ సెరామిక్స్ త్రైవార్షిక ప్రదర్శన జరిగిన తరువాత ఈ కళకు గౌరవం మరింత పెరిగింది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఈ శిల్పాలను గురించి రాసేవారు తరచుగా ఒకే మాట అంటూ వుంటారు: ఇది జపాను హస్తకళకూ పాశ్చాత్య ఆధునికతకూ జరిగిన సంగమం అని. సంగమం అన్నంత మాత్రాన చరిత్ర చెప్పినట్లు కాదు. ఏ జపాను? ఎవరి ఆధునికత? ఆ రెండూ కలిసిన చోట మట్టి పిసికినవారు ఎవరు? ఈ ప్రశ్నలు వేయకపోతే సంగమం అనే మాట ప్రదర్శనశాల గోడమీద చీటీగా మాత్రమే మిగిలిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఈ కళలో కలిసినవి స్వచ్ఛమైన ప్రాచ్యమూ, స్వచ్ఛమైన పాశ్చాత్యమూ కావు. పేరులేని శ్రామికుడు చేసిన వస్తువును పేరున్న వర్గం తన అభిరుచిగా మార్చుకోవటం అనే ప్రక్రియ ఇందులో మూడు నాలుగుసార్లు జరిగింది. ఆ ప్రక్రియ నుండి గొప్ప శిల్పం పుట్టిందనటంలో సందేహం లేదు. కాని తెలుగుదేశంలో దానికి ఇంకా ఒక బాకీ మిగిలి వున్నది.

మొదట జపానునే తీసుకుందాం. జపానులో తేనీటి ఉత్సవానికి వాడే పాత్రలలో అత్యుత్తమమైనదిగా పేరుపొందినది కిజాయెమోన్ అనే గిన్నె. అది క్యోటోలోని దైతోకుజి మఠంలో వున్నది. జపాను ప్రభుత్వం దానిని జాతీయనిధిగా ప్రకటించింది. కాని ఆ గిన్నె జపానులో పుట్టలేదు; కొరియాలో పుట్టింది. సామాన్య జనం నిత్యం వాడుకునే గిన్నెల కోవకు చెందినది. దానిని చేసిన కొరియా కుమ్మరికి తాను కళాఖండం చేస్తున్నానన్న ఊహే వుండి వుండదు. జపాను ప్రభువులూ తేనీటి గురువులూ దానిలోని మొరటుతనంలో సౌందర్యాన్ని చూశారు. చూడగలగటం వారి గొప్పతనమే. అయితే ఆ చూపుతోపాటు కత్తి కూడా వున్నది. 1592 నుండి 1598 వరకు హిదెయోషి కొరియాపై రెండు దండయాత్రలు చేశాడు. తిరిగి వెళ్ళే ప్రభువులు కొరియా కుమ్మరులను వెంట తీసుకుపోయారు. జపాను పింగాణీకి పుట్టిల్లని చెప్పే అరితాలో ఆ పరిశ్రమకు మూలపురుషునిగా తలచే యీ సామ్‌ప్యోంగ్ అలా తీసుకుపోబడిన కొరియా కుమ్మరే. కాబట్టి జపాను సంప్రదాయం అని మనం పిలిచే దానిలో ఓడిన దేశపు శ్రమ పునాదిరాయిగా వున్నది.

రెండవ ఘట్టం పందొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధం. 1868 తరువాత మేజీ ప్రభుత్వం విదేశీ మారకం కోసం హస్తకళల ఎగుమతిని ప్రోత్సహించింది. ఐరోపా, అమెరికా సంపన్నుల గృహాలను ఉద్దేశించి బంగారుగీతలతో, కిక్కిరిసిన చిత్రాలతో సత్సుమా పాత్రలు తయారైనవి. సామాన్య జపాను కుటుంబాలలో అవి కనిపించేవి కావు. పాశ్చాత్యుడు ఏది జపాను అనుకుంటాడో దానినే జపాను తయారుచేసి అమ్మింది. హైదరాబాద్‌కు జపాను మట్టికళ ప్రధానంగా ఈ రూపంలోనే పరిచయమైంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరులో దివాన్‌దేవిడీలో తెరవబడి, 1968లో మూసీ ఒడ్డునున్న నేటి భవనానికి మారిన మ్యూజియంలో ఆ సత్సుమా పాత్రలను ఎవరైనా చూడవచ్చు. జపాను, పాశ్చాత్య అభిరుచుల కలయికను హైదరాబాద్ చాలాకాలం క్రితమే చూసింది. కాని అది జాగీర్దారీ అద్దాలబీరువాలో చూసింది. ఆ బీరువాకూ, అదే నగరంలో సారె తిప్పుతున్న కుమ్మరికీ మధ్య ఎటువంటి సంభాషణా జరగలేదు.

మూడవ ఘట్టం ఇరవయ్యవ శతాబ్దపు మింగేయి ఉద్యమం. మింగేయి అంటే ప్రజల చేతిపని అని అర్థం. యనగి సోయెత్సు, హమాద షోజి, కవాయ్ కంజిరో అనే ముగ్గురు మిత్రులు 1925లో ఈ మాటను కల్పించారు. సంతకం లేని, చవుకైన, నిత్యం ఉపయోగపడే వస్తువులోనే నిజమైన సౌందర్యం వుంటుందని యనగి వాదించాడు. 1936లో టోక్యోలో ప్రజాకళల మ్యూజియం స్థాపించాడు. ఈ సిద్ధాంతం పూర్తిగా జపానుదే అనుకోవటం పొరపాటు. యనగి యువకుడుగా వున్నప్పుడు ఇంగ్లీషు కవి బ్లేక్ మీద పుస్తకం రాశాడు. యంత్రోత్పత్తిని వ్యతిరేకిస్తూ ఇంగ్లండులో రస్కిన్, మోరిస్‌లు లేవదీసిన ఆలోచనలు ఆయన చుట్టూ వున్న గాలిలోనే వున్నవి. హాంగ్‌కాంగ్‌లో పుట్టి 1909లో జపాను చేరిన ఆంగ్లేయుడు బెర్నార్డ్ లీచ్ ఆయన మిత్రుడు. 1920లో లీచ్ హమాదను వెంటబెట్టుకొని ఇంగ్లండు వెళ్ళి సెయింట్ ఐవ్స్‌లో ఆవం కట్టాడు. అంటే పారిశ్రామిక పెట్టుబడిదారీ విధానం చేతిపనిని నాశనం చేసినందుకు ఇంగ్లండులో పుట్టిన వేదన జపాను వెళ్ళి, అక్కడి బౌద్ధ పరిభాష ధరించి, తిరిగి ఇంగ్లండుకు ప్రాచ్యజ్ఞానంగా వచ్చింది.

యనగికి న్యాయం చేయవలసి వున్నది. జపాను పాలనలో నలుగుతున్న కొరియా పట్ల ఆయన సానుభూతి నిజమైనది. 1919 మార్చిలో కొరియా ప్రజల స్వాతంత్ర్యోద్యమాన్ని అణచివేసినప్పుడు ఆయన దానిని విమర్శిస్తూ రాశాడు. 1924లో సియోల్‌లో కొరియా ప్రజాకళల మ్యూజియం పెట్టాడు. అయినప్పటికీ ఆయన సిద్ధాంతంలో ఒక లోపం వున్నది. కుమ్మరికి పేరు లేకపోవటాన్ని ఆయన ఒక ఆధ్యాత్మిక గుణంగా, అహంకారం నశించిన స్థితిగా వర్ణించాడు. కుమ్మరి తన పేరును తానుగా వదులుకోలేదు; ఆ పేరును అడిగినవారే లేరు. అనామకత్వం ఒక సామాజిక స్థితి. దానిని యోగంగా వర్ణించేవాడు దానిని మార్చవలసిన అవసరాన్ని మరచిపోతాడు. పైగా పేరులేనితనాన్ని కీర్తించిన హమాద, కవాయ్, లీచ్‌లు ముగ్గురూ ప్రపంచప్రసిద్ధులైనారు. హమాద తన పాత్రలమీద సంతకం మానివేసినా, కొనేవాడు హమాద పాత్రగానే కొన్నాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో ఓడిన జపానులో ఈ సిద్ధాంతం మీద తిరుగుబాటు వచ్చింది. 1948లో క్యోటోలో యాగి కజువో, సుజుకి ఒసాము, యమద హికారు మొదలైన యువకులు సోదేషా అనే సంఘం పెట్టారు. వీరు కుమ్మరం తెలిసినవారే. యాగి కుమ్మరి కొడుకు. 1954లో యాగి ‘సంసా గారి విహారం’ అనే శిల్పం చేశాడు. కాఫ్కా కథలో ఒక ఉదయం పురుగుగా మారిపోయిన, ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి పేరు సంసా. యాగి సారె మీద తీసిన ఒక వలయాన్ని నిలువుగా నిలబెట్టి, దానికి సారె మీదనే తీసిన చిన్నచిన్న గొట్టాలను కాళ్ళవలె అతికించాడు. పనిముట్టు పాతదే, మట్టి పాతదే, కాని నీళ్ళు పోసుకునే నోరు లేదు. పాత్రకు ఉపయోగం అనే బంధం తెగిపోయింది. అమెరికాలో పుట్టిన శిల్పి ఇసాము నొగుచి 1950లోనూ, 1952లోనూ జపానులో మట్టితో చేసిన శిల్పాలు ఈ యువకులకు ధైర్యమిచ్చినవి. అదే 1952లో లీచ్, హమాద, యనగి అమెరికాలో పర్యటించారు. మోంటానా రాష్ట్రంలో వారిని కలిసిన పీటర్ వూల్కోస్ 1954 నుండి లాస్ ఏంజిలిస్‌లో కుండలను చీల్చి, పొడిచి, ఒకదానిమీద ఒకటి పేర్చి భారీ శిల్పాలు చేయసాగాడు. మనం నేడు సమకాలీన మృణ్మయ శిల్పం అంటున్న దానికి రూపం ఏర్పడినది ఈ సంవత్సరాలలోనే.

దీనిని కేవలం బూర్జువా విలాసమని కొట్టివేయటం సబబు కాదు. ఉపయోగం నుండి విముక్తి పొందిన మట్టి, యుద్ధంలో చితికిన మనిషి స్థితిని చెప్పగలిగింది. అణుబాంబు చూసిన దేశంలో కాలిన మట్టికి ఒక కొత్త అర్థం వచ్చింది. పాత్ర నోరు మూసుకుపోవటం ఒక యుగలక్షణం.

ఇక భారతదేశానికి ఈ ధార ఎలా వచ్చింది? ఢిల్లీలో ఇటుకల బట్టీలో పనిచేస్తున్న సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాను వెళ్ళి, లీచ్‌నూ యనగి బృందాన్నీ కలుసుకొని, 1922లో తిరిగివచ్చాడు. ఢిల్లీలో పఠాన్ కుమ్మరుల దగ్గర మిగిలివున్న నీలిమెరుగును ఆయన అంతకుముందే ఎరుగును. 1952లో ఆయన స్థాపించిన ఢిల్లీ బ్లూ పాటరీ మన దేశపు స్టూడియో కుమ్మరానికి ఒక మూలం. రెండవ మూలం పాండిచ్చేరి. జపానులో కుమ్మరం అభ్యసించిన డెబొరా స్మిత్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివిన రే మీకర్ అనే ఇద్దరు అమెరికన్లు 1971లో అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ప్రారంభించారు. మీకర్‌కు గురువైన సుసాన్ పీటర్సన్ హమాద పనిని గురించి పుస్తకం రాసిన వ్యక్తి. కాలిఫోర్నియాలో కలిసిన రెండు ధారలూ ఆ విధంగా కోరమాండల్ తీరానికి చేరినవి. మన కోస్తావారికి బాగా తెలిసిన సరుగుడు కట్టెతోనే అక్కడ ఆవాలు మండినవి. హైదరాబాద్‌లో పనిచేసే ఆర్తీ వీర్ అక్కడ శిక్షణ పొందిన కళాకారిణి. మరొక దారిలో, హైదరాబాద్ లలితకళల కళాశాల నుండి బరోడా వెళ్ళి, ఢిల్లీలో స్థిరపడిన పి. ఆర్. దరోజ్ పెద్దపెద్ద కట్టడాల గోడలకు సరిపోయే మృణ్మయ కుడ్యశిల్పాలూ, ద్వారాలూ, స్తంభాలూ చేసి ఈ కళను గృహాలంకరణ స్థాయి నుండి వాస్తుశిల్పం స్థాయికి తీసుకుపోయారు.

పాండిచ్చేరి అనుభవంలో మనం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి వున్నది. అక్కడ శిల్పులు మాత్రమే తయారు కాలేదు. రోజువారీ పళ్ళేలు, గిన్నెలు చేయటానికి చేరిన చుట్టుపక్కల శ్రామికులు కొన్ని సంవత్సరాలలో పని నేర్చి బయటకు వచ్చి, స్వంత ఆవాలు పెట్టుకున్నారు. ఒక స్టూడియో నుండి ఒక ఊరి పరిశ్రమ పుట్టింది. విద్య ఇచ్చినవారు విదేశీయులైనప్పటికీ, దానిని జీవనాధారంగా మలచుకున్నది స్థానిక శ్రామికులు. ఇది మన నేలమీద ఎందుకు జరగలేదు?

మన నేలకు మట్టిశిల్పం కొత్త కాదు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన మృణ్మయ శవపేటిక పొట్టేలు ఆకారంలో వున్నది. దానికి తల వున్నది, కాళ్ళు వున్నవి. ఇనుపయుగపు బృహత్‌శిలా సమాధులకు చెందిన ఆ శిల్పం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో వున్నది. చనిపోయిన మనిషిని పొట్టేలు కడుపులో పడుకోబెట్టాలన్న ఊహ చేసిన ఆ కుమ్మరి ఏ ఆధునిక శిల్పికీ తీసిపోడు. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురంలో 1940వ దశకం మొదట్లో జరిగిన తవ్వకాలలో శాతవాహనుల కాలపు బొమ్మలు బయటపడినవి. వాటిలో సుద్దమట్టిని రెండు అచ్చులలో పోసి చేసిన సన్నని పనితనం గల బొమ్మలు వున్నవి. అంటే రెండువేల సంవత్సరాల నాడే ఇక్కడ అచ్చుల విద్య పరిపక్వ దశకు చేరింది.

సాహిత్యంలోనూ, పురాణగాథలలోనూ ఇదే కనిపిస్తుంది. తిరుమల క్షేత్రగాథలో భీముడనే కుమ్మరి రోజు పని ముగిసిన తరువాత చేతులకు అంటిన మట్టితో పువ్వులు చేసి స్వామికి అర్పించేవాడు. తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారుపువ్వులను ఆ మట్టిపువ్వులు పక్కకు నెట్టినవని కథ. స్వామికి కొత్తకుండ పెంకులో నైవేద్యం పెట్టే ఆచారాన్ని ఈ గాథతో ముడిపెట్టి చెబుతారు. గాథ గాథే, చరిత్ర కాదు. కాని ఉపయోగం లేని, కేవలం రూపం కోసమే చేసిన మట్టివస్తువు రాజుగారి బంగారం కన్న మిన్న అని చెప్పటానికి తెలుగు, తమిళ జనసామాన్యం సాహసించింది. ఆ సాహసం వెనుక శ్రమ మీద గౌరవం వున్నది. అట్లాగే కుమ్మరి కులంలో పుట్టిందని చెప్పుకునే మొల్ల పేరు మనకు మిగిలింది. అయితే మొల్ల రామాయణం రాసింది కనుక ఆమె పేరు మిగిలింది. ఆమె ఇంట సారె తిప్పినవారు ఎటువంటి పని చేశారో మన సాహిత్యచరిత్రలు అడగలేదు.

కుమ్మరి పనిని స్టూడియో శిల్పం నుండి వేరుచేసేది ప్రతిభ కాదు, ప్రధానంగా వేడి. ఈ సాంకేతిక విషయం తెలియకపోతే సౌందర్యచర్చ గాలిలో నడుస్తుంది. మన కుమ్మరి నేలమీద కుండలు పేర్చి, గడ్డి, పిడకలు, చితుకులు కప్పి కాల్చే ఆవంలో వేడి సాధారణంగా ఏడు, ఎనిమిది వందల డిగ్రీల ప్రాంతంలో వుంటుంది. అందువల్ల కుండ గుల్లగా వుండి నీరు చెమరుస్తుంది. కనుకనే వేసవిలో నీటిని చల్లబరుస్తుంది. స్టోన్‌వేర్ అనే గట్టి మట్టికి 1200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. అప్పుడు మట్టిలోని కొంతభాగం కరిగి గాజై, రాయివలె బిగుస్తుంది. మన ఇళ్ళలో ఆవకాయ పెట్టే జాడీ ఆ జాతిదే. ఉప్పూ, పులుపూ, నూనే దానిని ఏమీ చేయలేవు. ఆ వేడికి మూసిన ఆవం, అగ్నికి తట్టుకునే ఇటుక, మంచి కట్టె లేక గ్యాసు కావాలి. ఒక్కమాటలో పెట్టుబడి కావాలి. మట్టి కొరత కాదు. పూర్వపు పశ్చిమగోదావరి జిల్లాలోని ద్వారకా తిరుమల ప్రాంతపు బంకమట్టి పింగాణీ పరిశ్రమకు పనికివచ్చే రకం. నేల మనది, నైపుణ్యం మనది. వేడి మాత్రం మనది కాలేదు.

నేను నివసించే మోతీనగర్‌లో గాజు ఫ్యాక్టరీ రోడ్డు అని ఒక దారి వున్నది. 1972లో స్థాపితమైన సీసాల కర్మాగారం ఆ పేరుకు కారణం. గాజు కొలిమిని ఒకసారి వెలిగిస్తే రేయింబవళ్ళు ఆర్పకూడదు. దానిలోని వేడి స్టోన్‌వేరుకు కావలసిన దానికన్న ఎక్కువ. ఆ దారికి సమీపంలోనే ఆషాఢమాసంలో బోనం కుండలు అమ్మకానికి వస్తాయి. ఒకే పేటలో పదిహేనువందల డిగ్రీల కొలిమీ, ఏడువందల డిగ్రీల కుండా పక్కపక్కన వున్నవి. వాటి మధ్య దారి లేదు. ఇంకొంచెం దూరం వెళితే జూబిలీ హిల్స్. అక్కడి ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్ల కోసం మట్టితో దేవతలనూ, సింహాలనూ మలచి, అచ్చుతీసి, షూటింగు అయిపోగానే పగులగొట్టే పనివారు వున్నారు. పేరులేని శిల్పులు గతకాలపు కొరియాలోనే కాదు, మన పక్క వీధిలోనూ వున్నారని చెప్పటానికే ఈ ప్రస్తావన.

మా కళాశాలలో ఒక విద్యార్థి తమది కుమ్మరం చేసే కుటుంబమని రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. మొల్ల పాఠం చెబుతున్న రోజున తరగతి అయిన తరువాత వచ్చి, తన తాత చేస్తే కుండ అనీ, ప్రదర్శనలో పెట్టినవారు చేస్తే శిల్పమనీ ఎందుకంటారని అడిగాడు. సౌందర్యశాస్త్రం ఉపయోగవస్తువుకూ కళావస్తువుకూ చెప్పే భేదాన్ని ఆ ప్రశ్నకు సమాధానంగా చెప్పటం సులభం. కాని యాగి శిల్పం ముందు ఆ భేదం నిలవదు. అదే సారె, అదే చేయి. భేదం వస్తువులో కన్న చదువులో, వేడిలో, చూసేవాడిలో వున్నది. క్యోటోలో కుమ్మరి కొడుకుకు కళాశాల చదువూ, కాఫ్కా పుస్తకమూ, తండ్రి ఆవమూ మూడూ అందినవి. మన కుమ్మరి మనుమనికి చదువు అందేసరికి ఆవం ఆరిపోయింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. ఏడాది పనిని ఒక్క దెబ్బతో పగులగొట్టిన గుదియ ఇక్కడ అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ రూపంలో వచ్చింది.

దీనికి పరిష్కారం పాత ఆవం దగ్గరకు తిరిగివెళ్ళటం కాదు. కుండలు మానవద్దని కుమ్మరికి ఉపదేశించే హక్కు స్టీలు గ్లాసులో నీళ్ళు తాగే మనకు లేదు. యనగి చేసిన పొరపాటును మనం తిరిగి చేయనక్కరలేదు. చేయవలసినవి వేరే వున్నవి. లలితకళల కళాశాలల మృణ్మయ విభాగాలలో సారె తెలిసిన కుమ్మరులను కూలికి కాక అధ్యాపకులుగా నియమించాలి. వేడిని అందుబాటులోకి తెచ్చే సహకార ఆవాలు జిల్లాలలో రావాలి. పాండిచ్చేరిలో శ్రామికుడు స్వంత ఆవం పెట్టుకోగలిగినప్పుడు, ఇక్కడ సాధ్యం కాదనటానికి కారణం కనిపించదు. ప్రదర్శనశాలలు శిల్పి పేరుతోపాటు మట్టి తెచ్చినవారి, పిసికినవారి, కాల్చినవారి పేర్లు కూడా చీటీమీద రాయాలి.

సాహిత్య విద్యార్థులమైన మనకూ ఒక పని వున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం దారి చూపింది. కుమ్మరి నోట మట్టికీ, నీటికీ, వేడికీ, పగులుకూ వేరువేరు మాటలు వున్నవి. మృణ్మయ శిల్పాన్ని గురించి మనం రాసే విమర్శలో ఆ మాటలు ఒక్కటీ కనిపించవు. లీచ్ పుస్తకంలోని మాటలే తెలుగు లిపిలో కనిపిస్తాయి. ఈ సెలవులలో విద్యార్థులు తమ తమ గ్రామాలలో ఇంకా మండుతున్న ఆవాల దగ్గరకు వెళ్ళి, ఆ మాటలనూ, వాటిని చెప్పినవారి పేర్లనూ, ఊళ్ళనూ రాసుకొని రావాలి. వచ్చే తరం ఈ కళకు చరిత్ర రాయబూనినప్పుడు అజ్ఞాత కుమ్మరి అనే మాట వాడవలసిన అగత్యం వారికి వుండకూడదు.